గాజుపెట్టెలో జెల్లాబా

శవం పక్కన నిలబడి కాఫీ తాగే మనిషిని చూస్తే నాకు ఒళ్లుమంట. కెప్టెన్ దెల్మాస్ అచ్చంగా అదే చేస్తున్నాడు. ఒక చేతిలో కప్పు, ఇంకో చేయి నడుం మీద. యూనిఫాం ఎడమ భుజానికి కొత్త గుండీ ఒకటి కుట్టించుకున్నాడు. సాయంత్రం జనరల్ వచ్చి తగిలించబోయే గౌరవ చిహ్నం, జడలా అల్లిన జడతాడు కోసం ఆ ఏర్పాటు.

"పొద్దున్నే శ్రమపడి వచ్చావు ఇన్‌స్పెక్టర్ ఇద్దెర్. కానీ నీకిక్కడ పనేం మిగల్లేదు. హంతకుడు దొరికాడు. సంతకం పెట్టి, ఇంత టీ తాగి మెక్నెస్ బస్సెక్కెయ్" అన్నాడు. తెల్లవాడైనా పదిహేనేళ్లుగా మా కొండల్లో ఉన్నాడు. మా భాష మాకంటే బాగా మాట్లాడతాడు, అదొక బాధ.

"హంతకుడు దొరికాక పోలీసును పిలవడం ఎప్పట్నుంచి మొదలెట్టారు కెప్టెన్ గారూ?"

ఆయన నవ్వాడు. చచ్చినవాడు ఇప్పుడు సైనికుడు కాడనీ, అందుకని రూలు ప్రకారం సివిల్ పోలీసు సంతకం కావాలనీ, అంతకుమించి నా అవసరమేం లేదనీ మర్యాదగానే చెప్పాడు. మధ్యాహ్నం ఖైదీని తనే జీపులో మెక్నెస్ సైనిక జైలుకు తీసుకెళతాడట. నాలుగింటికల్లా తిరిగొచ్చి ఉత్సవంలో నిలబడతాడట. అంటే నా చేతిలో ఉన్నది రెండున్నర గంటలు. ఆ తర్వాత ఆ ఖైదీ సైనిక కోర్టు చేతికి చిక్కుతాడు. ఆ కోర్టు మా కొండ మనుషుల విషయంలో ఎంత చురుగ్గా ఉంటుందో నాకు తెలుసు. నెల తిరక్కుండా గోడకు నిలబెట్టి కాల్చేస్తారు.

ఆ రోజు నేను పుట్టిన ఈ ఊరికి మామూలు రోజు కాదు. ఆరేళ్ల కిందట యుద్ధంలో, ఇటలీలో, మావాళ్లు గాడిదమెడ అని పేరు పెట్టుకున్న కొండను మా కొండ కుర్రాళ్ల ఎర్రచారల దళం పట్టుకుంది. అరవై రెండు మందిని అక్కడే వదిలి వచ్చింది. దానికి గుర్తుగా ఇప్పుడు దళం జెండాకే శిలువ పతకం గుచ్చుతారు. ఆ పతకం ఒక మనిషిది కాదు, దళం మొత్తానిది. ఇకమీదట దళంలో ప్రతివాడి ఎడమ భుజానా ఆ గౌరవానికి గుర్తుగా జడతాడు వేలాడుతుంది. ఆ రోజు ఆ కొండ మీద ఉన్నవాళ్లయితే, ఉద్యోగం వదిలి గొర్రెలు కాసుకుంటున్నా సరే, చచ్చేదాకా దాన్ని వేసుకోవచ్చు. అందుకే రెండు రోజులుగా పాత సైనికులు ఊళ్ల నుంచి దిగివచ్చి దళం మకాముండే ఈ బారకాసు ఆవరణలోనే పడుకుంటున్నారు.

వాళ్లలో ఒకడు సి తైబీ. దళానికి నమాజు చేయించిన ఫకీహ్. యుద్ధంలో చచ్చినవాళ్లను మట్టికి అప్పగించింది ఆయనే. తెల్లవారి ఊడవడానికి వచ్చినవాడికి దళం గుర్తులు దాచే ఈ స్మారక గదిలో బోర్లాపడి కనిపించాడు. మెడ వెనక ఒకే దెబ్బ. కొట్టింది గోడకు ఆనించిన పాత జెండా కర్రతో, దాని కొసనున్న ఇత్తడి గుండుతో. తుడిచి మళ్లీ గోడకు ఆనించారు కానీ గుండు కింద పీచులో నెత్తుటి చెమ్మ అలాగే ఉంది.

నేను మోకాళ్ల మీద కూర్చుని చూడ్డం మొదలుపెట్టాను. ముసలాయన పడినచోటికి ఎదురుగా గాజుపెట్టె ఉంది. అందులో గోధుమరంగు ఉన్ని జెల్లాబా, మా కొండవాళ్లు తొడుక్కునే పొడుగు అంగీ, ఎర్ర చారలది, మెడ వెనక కుట్టిన టోపీతో సహా వేలాడుతోంది. ఎదమీద ఒక బెజ్జం, దాని చుట్టూ నల్లబడిన నెత్తురు. అది ఎవరిదో మా దగ్గర పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. జెండా మోసిన మిమూన్‌ది. శిఖరం మీద జెండా పాతుతుండగా శత్రువు గుండు గుండెలో దిగిందనీ, ఒరిగిపోతున్న జెండాను సార్జెంట్ జాయిద్ అందుకుని నిలబెట్టాడనీ పతకం ప్రశంసలో రాశారు. బడిలో పంతుళ్లు పిల్లలచేత చదివిస్తారు కూడా. ఆ జాయిద్ ఇప్పుడు లెఫ్టినెంట్.

పెట్టె ముందు ముసలాయన చెప్పులు పక్కపక్కన సర్ది ఉన్నాయి. గుమ్మం దగ్గర కాదు, పెట్టె ముందు. బారకాసులో చెప్పులు విప్పే అలవాటు ఎవరికీ లేదు.

"కాళ్లు నొప్పెట్టి ఉంటాయి" అన్నాడు దెల్మాస్.

"నమాజుకు నిలబడి ఉంటాడు" అన్నాను. శవాన్ని తిప్పించాను. ఛాతీ కింద మడతపెట్టిన తెల్లబట్ట ఉంది. కొత్తది, ఉతకనిది, కత్తెర పెట్టకుండా చేత్తో చింపినది. దాని మడతలో కాగితం పొట్లం, పొట్లంలో కర్పూరం.

కొత్త తలపాగా కట్టుకుని జనరల్ ముందు నిలబడదామనుకున్నాడు కాబోలని దెల్మాస్ అన్నాడు. మా బజారులో తెల్లబట్టా కర్పూరమూ కలిపి కొనేది ఒక్క పనికే. సి తైబీ ఎవరినో పూడ్చడానికి వచ్చాడు. గదిలో మాత్రం ఆయన శవం తప్ప వేరే శవం లేదు.

గాజుపెట్టె తాళం వేసే ఉంది. తాళంచెవి ఏదని అడిగితే, హంతకుడి దగ్గరే దొరికిందని దెల్మాస్ జేబులోంచి తీసి చూపించాడు. దొరికిన సాక్ష్యాన్ని జేబులో వేసుకు తిరిగే అధికారిని ఏమనాలో నాకు తెలుసు గానీ, పైకి అనలేదు.

కాపలా గదిలో సంకెళ్లతో కూర్చున్నవాడు బెన్నాసర్. చచ్చిన మిమూన్‌కు సొంత తమ్ముడు. యుద్ధానికి పోలేదు, గొర్రెల మందను చూసుకుంటూ కొండ మీదే ఉండిపోయాడు. ముప్పై ఏళ్లుంటాయి, చూపులో ఇంకా మంద వెనకే నడుస్తున్న అమాయకత్వం. పెదవి చిట్లి ఉంది. అడిగితే గుమ్మానికి తగిలిందన్నాడు, కాపలా ఉన్న కార్పొరల్ సల్లామ్ వైపు చూస్తూ. సల్లామ్ కిటికీలోంచి బయటికి చూశాడు.

దెల్మాస్ కట్టిన కథ చిన్నది. వీడు అన్న జెల్లాబా ఇచ్చేయమని నిన్న అందరి ముందూ గొడవపడ్డాడు. ఇవ్వబోమన్నారు. రాత్రి దొంగిలించబోతే ఫకీహ్ అడ్డొచ్చాడు. కొట్టి చంపాడు. తాళంచెవి జెల్లాబా టోపీలో దాచుకున్నాడు.

గొడవపడ్డ మాట నిజమేనని బెన్నాసర్ ఒప్పుకున్నాడు. తల్లి మంచాన పడిందట, కొడుకు బట్టను ఒక్కసారి ముఖానికి ఆనించుకుని పోతానందట. కెప్టెన్ గారు మాత్రం అది దళం ఆస్తి అన్నారట.

"రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

"బావి పక్కన, అందరితో పాటేనయ్యా. చలికి వణికిపోయాం."

"టోపీ?"

"ముక్కుదాకా లాక్కుని పడుకున్నా."

"మరి తాళంచెవి?"

"నాకు తెలీదయ్యా. కెప్టెన్ గారు వచ్చి తన్ని లేపారు. లేచి నిలబడ్డా, టోపీ వెనక్కి జారింది. ఆయన అందులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశారు."

నేను సల్లామ్‌ను చూశాను. అవునన్నట్టు తలూపాడు. మా మనుషులు జెల్లాబా టోపీలో రొట్టె పెట్టుకుంటారు, ఉల్లిపాయ పెట్టుకుంటారు, అవసరమైతే కోడిపిల్లనూ పెట్టుకుంటారు. కానీ అదంతా టోపీ వీపు మీద సంచిలా వేలాడే పగటిపూట. ముఖం మీదికి లాక్కున్న టోపీలో ఏమీ నిలవదు. తాళంచెవి పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి అది నోట్లో ఉండాలి. దెల్మాస్ ఇక్కడ పదిహేనేళ్లున్నాడు గానీ, జెల్లాబా తొడుక్కుని ఒక్క చలిరాత్రయినా నేల మీద పడుకోలేదు. ఎవరో ఇరికించిన తాళంచెవి ఆయన చేతికి దొరికిందా, లేక అది అసలు ఆయన చేతిలోనే ఉందా? ఆ క్షణాన నాకు మొదటిదే తోచింది. రెండోది ఆలోచించడానికి ధైర్యం చాల్లేదు, ఆ మాట ఎందుకు దాచాలి.

"ఫకీహ్‌తో నువ్వేమైనా మాట్లాడావా?"

బెన్నాసర్ కళ్లు తుడుచుకున్నాడు. సంకెళ్లు గలగలమన్నాయి.

"నిన్న సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడయ్యా. నా తల పట్టుకుని ఏడ్చాడు. 'మీ అన్నను నేనే కడిగాను నాయనా, ఈ రెండు చేతుల్తో కడిగాను, ఒక్క వేలు కూడా వదల్లేదు' అన్నాడు. మా అన్నకు స్నానం చేయించిన చేతులయ్యా అవి. ఆ మనిషిని నేను కొడతానా?"

అదే మాట మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పాడు. ఏం చెబుతున్నాడో వాడికి తెలియదు. అన్నకు జరిగిన మర్యాదగా చెప్పుకుంటున్నాడంతే.

నేను లేచి స్మారక గదికి దాదాపు పరిగెత్తాను.

గాజుపెట్టె తెరవమంటే దెల్మాస్ ససేమిరా అన్నాడు. జనరల్ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదట. తెరవకపోతే సంతకం పెట్టననీ, సంతకం లేకుండా ఖైదీని ఊరు దాటిస్తే మా కమిషనర్ జనరల్‌కు ఫోన్ చేస్తాడనీ చెప్పాను. మా కమిషనర్ ఆ పని చస్తే చెయ్యడు. ఆ సంగతి దెల్మాస్‌కు తెలియకపోవడం నా అదృష్టం.

"ఒక ముసలాడు చచ్చాడు, ఒక గొర్రెలకాపరి చంపాడు. నువ్వు జెండాను లాగుతున్నావు. ఏం కావాలి నీకు?" అన్నాడు.

"సి తైబీ మిమూన్‌ను కడిగాడట. బెన్నాసర్ చెప్పాడు."

"మంచిదేగా. శుభ్రంగా సాగనంపాడు."

"యుద్ధంలో శత్రువు చేతిలో పోయినవాణ్ణి మేం కడగం కెప్టెన్ గారూ. ఆ నెత్తురే వాడికి గౌరవం. ఒంటి మీద బట్ట కూడా విప్పం, ఎలా పడ్డాడో అలాగే మట్టిలో పెడతాం. పదిహేనేళ్లలో ఈ సంగతి మీ చెవిన పడలేదా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. తొణకలేదు. "ఒక రోజు బతికి ఉంటాడు. నీళ్లు తాగి, రొట్టె తిని, ఆ తర్వాత పోయుంటాడు. అప్పుడు కడగొచ్చు. నేనూ చదువుకున్నాను ఇద్దెర్."

"అలాగయితే శిఖరం మీద జెండా పట్టుకుని నేలకొరిగాడని రాసింది అబద్ధం."

తాళంచెవి నా మీదికి విసిరి, జీపు సంగతి చూసుకోవాలంటూ వెళ్లిపోయాడు. వాదనలో గెలిచానని ఆ నిమిషాన లోపల పొంగిపోయాను. నా తెలివికి నన్నే చెప్పుతో కొట్టాలి.

పెట్టె తెరిచి జెల్లాబాను వెనక్కి తిప్పాను. ఆరేళ్లుగా అది ఎదభాగం మాత్రమే కనిపించేలా మొదట కల్నల్ గదిలో, ఇప్పుడిక్కడ వేలాడింది. వీపును ఎవరూ చూడలేదు. వీపు మీద, భుజాల నడుమ, ఇంకో బెజ్జం. ఎదమీది దానికంటే చిన్నది. దాని చుట్టూ ఉన్ని మాడి ముడుచుకుపోయి, గోరు తగిలితే పొడిపొడిగా రాలింది. దూరాన్నుంచి వచ్చిన గుండు ఉన్నిని కాల్చదు. తుపాకీ కొస దాదాపు వీపును తాకుతుండగా కాల్చారు. గుండు వెనక దూరి ముందుకు వచ్చింది.

మిమూన్‌ను చంపింది శత్రువు కాదు. సి తైబీకి అది ఆ రోజే తెలుసు, అందుకే కడిగాడు.

లెఫ్టినెంట్ జాయిద్ తన గదిలో, ఇస్త్రీ యూనిఫాంలో, మంచం అంచున కూర్చుని ఉన్నాడు. అద్దంలో చూసుకుంటే తన దిష్టే తగిలేంత అందగాడు. ఊళ్లో పిల్లలు ఆయన నడకను అనుకరిస్తారు. ఉత్సవానికి గీసిన గడ్డం నున్నగా ఉంది గానీ, చేతి గోళ్లలో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది.

రాత్రి సంగతులు అడగలేదు. ఆరేళ్ల కిందటి మాట ఒకటి అడుగుతాను, తడుముకోకుండా చెప్పాలన్నాను. సరేనన్నాడు.

"మిమూన్‌ను ఎవరు కడిగారు?"

"ఎవరూ కడగలేదు. అమరుణ్ణి ఎవరైనా కడుగుతారా ఇన్‌స్పెక్టర్ గారూ? ఒంటి మీది బట్టలతోనే పూడ్చాం" అన్నాడు. మా వాళ్లలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా నోటికొచ్చే జవాబు అదే.

"ఒంటి మీది బట్టలతోనా?"

"అవును."

"మరి గాజుపెట్టెలో వేలాడేదేమిటి?"

ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కోపం వస్తుందనుకున్నాను నాకు. రాలేదు, జాలే వేసింది.

"నేనే కాల్చాను" అన్నాడు చివరికి.

ఆ మీద ఆగకుండా చెప్పాడు. మిమూన్ శిఖరం మీద జెండా పాతేశాడు. పని పూర్తయింది. కింద వాగులో గాయపడ్డవాళ్లు అరుస్తున్నారు. వాళ్లకోసం వెనక్కి దిగబోయాడు. ఎవరూ కిందికి దిగకూడదని అధికారి ఆజ్ఞ. వీడు పారిపోతున్నాడు, వీణ్ణి చూసి అందరూ పారిపోతారు, కాల్చెయ్యమని ఆ అధికారి జాయిద్ చెవిలో అరిచాడు. జాయిద్ చెయ్యి చాస్తే మిమూన్ వీపు తగులుతుంది. కాల్చాడు. సాయంత్రానికి గాని తెలియలేదు, మిమూన్ 'వస్తున్నా, ఉండండి' అని వాగులోకి కేకేశాడని.

"సి తైబీ ఒక్కటే అడిగాడు, గుండు ఎవరిదని. చెప్పాను. నీళ్లు తెమ్మన్నాడు. ఆ కొండ మీద తాగడానికే నీళ్లు లేవండీ. నాలుకలు పిడచకట్టి ఉన్నాయి. పదకొండు మంది సీసాల్లో ఉన్న చుక్కలన్నీ ఒంపారు. కడగడానికి జెల్లాబా విప్పాం. దాన్ని కల్నల్ చూశాడు, వీరుడి గుర్తంటూ పట్టుకుపోయాడు. ఇవ్వనని ఎలా చెప్పను, ఎందుకని అడిగితే ఏం చెప్పను?"

ఆ పదకొండు మందీ నోరు విప్పలేదు. విప్పితే అరవై రెండు మంది చావూ మసకబారుతుందని భయం. ఆవరణలో భుజాలు నిమురుకుంటూ జడతాడు కోసం కూర్చున్న ముసలివాళ్లలో వాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు.

"సి తైబీని?"

"అల్లా సాక్షిగా నేను కాదు. ఆయన్ని పిలిపించిందే నేను. పతకం గుచ్చేలోపు ఆ బట్టను మట్టిలో పెట్టెయ్యమని బతిమాలాను. గొయ్యి కూడా తవ్వాను, వెనక శ్మశానంలో. సూర్యుడు వచ్చేదాకా అక్కడే కూర్చున్నా. ఆయన రాలేదు." గోళ్లు చూపించాడు. "బెన్నాసర్‌ను పట్టుకున్నారని తెలిశాక కూడా ఈ గదిలోంచి కదల్లేకపోయాను. అన్నను చంపాను, తమ్ముణ్ణి చంపిస్తున్నాను."

ఆయన్ని ఓదార్చడం నా పని కాదు. తాళంచెవి ఫకీహ్‌కు ఎలా చేరిందని అడిగాను.

"నేనే ఇచ్చాను. నిన్న చీకటిపడే వేళ అడిగి తీసుకున్నా, గాజు తుడిపించాలని చెప్పి."

"ఎవర్నడిగి?"

"అది ఉండేది ఒక్కరి దగ్గరేగా. కెప్టెన్ గారి సొరుగులో. నా భుజం తట్టి మరీ ఇచ్చారు."

"కొండ మీద కాల్చమని చెవిలో అరిచిన అధికారి ఎవరు?"

జాయిద్ నన్ను వింతగా చూశాడు. "అప్పుడు దళం నాయకుడు ఆయనేగా. దెల్మాస్. ఆ ప్రశంస రాసిందీ ఆయనే. ఈ పతకంతోనే మేజర్ అవుతున్నారు."

టోపీలో దొరికిన తాళంచెవి గుర్తొచ్చింది; రాత్రి దాని వెనకే వచ్చి ఫకీహ్‌ను కొట్టినవాడి చేతిలోంచే అది ఆ టోపీలోకి చేరింది. జీపు సంగతి చూసుకోవాలంటూ వెళ్లిన మనిషి గుర్తొచ్చాడు. ఫకీహ్ కడిగిన మాట తమ్ముడికి తెలుసని, ఆ మాటకు అర్థం నాకు తెలుసని, ఆయన ముఖం మీద నేనే చెప్పి వచ్చాను. గెలిచానని పొంగిపోయి మరీ.

కాపలా గదికి పరిగెత్తేసరికి బల్ల ఖాళీగా ఉంది. కార్పొరల్ సల్లామ్ ఒక్కడే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఖైదీని అప్పుడే తీసుకెళ్లిపోయారట, మధ్యాహ్నం దాకా ఆగలేదట. డ్రైవరు కూడా వద్దని కెప్టెన్ గారే జీపు నడుపుకుంటూ వెళ్లారట. మెక్నెస్ రోడ్డు కాదు, దేవదారు అడవి మీదుగా దగ్గరదారి అన్నారట.

"మీరు ఊరికే అపార్థం చేసుకున్నారు గానీ మంచి మనసండీ ఆయనది" అన్నాడు సల్లామ్. "వాడి చేతులు వాచిపోయాయని తనే దగ్గరుండి విప్పించారు." ఇంకా వెచ్చగా ఉన్న సంకెళ్లు నా చేతిలో పెట్టాడు.

సంకెళ్లు లేని ఖైదీ పారిపోవచ్చు. పారిపోయేవాణ్ణి వెనక నుంచి కాల్చొచ్చు. అడిగేవాడుండడు. ఆ కథ ఒకసారి రాసి పతకం సంపాదించినవాడికి రెండోసారి రాయడం ఎంతసేపు?

ఆవరణలో ట్రక్కు ఇంజను గర్జించింది. లెఫ్టినెంట్ జాయిద్ స్టీరింగ్ ముందున్నాడు. టోపీ లేదు. సాయంత్రం కోసం ఎడమ భుజాన కుట్టించుకున్న గుండీ తెగిపోయి, అక్కడ దారప్పోగులు వేలాడుతున్నాయి.

"ఎక్కండి" అన్నాడు. "ఈసారి ఆ వీపుకు అడ్డం నేనుంటాను."